మార్తమ్మ గారి ముప్ఫై వాక్యాలు

నిన్న ఆఫీసు క్యాంటీన్లో ఎవరో కాఫీ గిన్నెను పొయ్యి మీద మరిచిపోయారు. మాడిన కాఫీ వాసన మెట్ల దాకా వచ్చింది. అందరూ ముక్కు మూసుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు మండింది. ఆ వాసన వస్తే ఇప్పటికీ ఎవరో నా మాట మధ్యలో తుంచేస్తున్నట్టు ఉంటుంది. అది తార్నాకలో మార్తమ్మ గారి వంటింటి వాసన. పొద్దున ఏడింటికి కాచిన కాఫీని ఆవిడ మధ్యాహ్నం దాకా సన్న మంట మీదే ఉంచేవారు. గుంటూరు వైపు నుంచి నర్సుగా వెళ్లి, స్వీడన్‌లో ఒక వృద్ధాశ్రమంలో పద్దెనిమిదేళ్లు పనిచేసి తెచ్చుకున్న అలవాటది. అదీ, ఎవరి మాటా పూర్తి కానివ్వని ఆ తొందరా అక్కడివే అని నా అనుమానం.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. నేను క్యాంపస్ లైబ్రరీలో, చదివి వదిలేసిన పుస్తకాలను తిరిగి అరల్లో సర్దే తాత్కాలిక ఉద్యోగిని. డిగ్రీ దూరవిద్యలో చదివాను. కాలేజీలో కూర్చోలేదన్న లోటు ఉండేది కాబట్టి, ఆ అరల్లో నేను చదివినన్ని పుస్తకాలు పీహెచ్‌డీ వాళ్లు కూడా చదవలేదన్న పొగరూ ఉండేది. భాషల అరలో ఒకరోజు ఇంగ్లీషు వాళ్ల కోసం రాసిన స్వీడిష్ వ్యాకరణం దొరికింది. వెనక అట్టకు అంటించిన చీటీ మీద ఒక్క ముద్ర లేదు. ఎవరూ తీసుకోని పుస్తకం అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. నాలుగు నెలల్లో మొదటి పేజీ నుంచి చివరి పట్టిక దాకా నోట్సు రాసుకున్నాను. ఆ పుస్తకంతో ఒక తంటా ఉంది. ఇంగ్లీషులో నామవాచకానికి ముందు వచ్చే 'ద' అనే చిన్నమాట స్వీడిష్‌లో దాని తోకకు అతుక్కుంటుందని, కంగారు పడొద్దని అది మాటిమాటికీ ధైర్యం చెబుతుంది. మన భాషలో అన్నీ తోకకే అతుక్కుంటాయి. నాకు కంగారెందుకు? నోరు తెరిచి మాట్లాడాల్సి వచ్చి నేను కంగారు పడ్డ చోట మాత్రం ఆ పుస్తకం ఒక్క ముక్క చెప్పదు.

ఆ చదువు సరదాగా మొదలైంది కానీ సరదాగా మిగల్లేదు. వేసవితో నా లైబ్రరీ పని ముగుస్తుంది. ఊళ్లో అంగన్‌వాడీలో ఆయా పని మాట్లాడి ఉంచానని నాన్న కబురు పెట్టాడు. అదే సమయంలో, స్వీడన్ ఖాతాదారులకు జవాబులిచ్చే మనుషులు కావాలని నగరంలో ఒక కంపెనీ ప్రకటించింది. ఫోన్లో పరీక్ష. అవతలి నుంచి ఒక స్వీడిష్ ఆవిడ అడిగిన మొదటి ప్రశ్న: పొద్దున ఏం తిన్నావు? నాకు ప్రశ్న అర్థమైంది. 'ఈరోజు' ముందు పెడితే క్రియ రెండో స్థానంలోకి రావాలి, కర్త దాని వెనక్కి పోవాలి, 'తిను' అనే క్రియకు భూతకాలం పట్టికకు లొంగదు. ఇదంతా సర్దుకుని నోరు తెరిచేసరికి ఆవిడ థాంక్స్ చెప్పేసింది. ఉప్మా తిన్నానని చెప్పలేక ఉద్యోగం పోగొట్టుకున్నాను. రెండు నెలల తర్వాత ఇంకొక్క అవకాశం ఇస్తామన్నారు. మా చర్చిలో పాస్టరమ్మకు ఈ గోడు చెప్పుకుంటే, "మార్తమ్మ గారి దగ్గరికి పో, కాకపోతే ఓపిక చేసుకో" అంది.

మొదటి రోజే ఆవిడ నా సంచిలోకి తొంగి చూశారు.

"ఏంటే ఆ పుస్తకం?"

"వ్యాకరణం, ఆంటీ. మొత్తం చదివిన."

"సంచిలోనే ఉండనీ. బయటికి తీశావంటే ఇంటికి పో." వంటింట్లోకి లాక్కెళ్లి కుళాయి చూపించారు. "క్రానెన్ ద్రోప్పార్. అను."

"క్రాన్ అంటే నల్లా. ఎన్ అంటే..."

"నేనడిగానా? కుళాయి కారుతోంది, అంతే. నీ ఇంట్లో కారితే ప్లంబర్ని పిలుస్తావా, పాఠం చెబుతావా?"

అలాంటివి ముప్ఫై వాక్యాలు. కిటికీ తెరిచి ఉంది. కాఫీ చల్లారింది. నీ చెయ్యి పైకెత్తు. ముసలివాళ్ల మంచాల దగ్గర ఆవిడ నేర్చుకున్న క్రమంలోనే నాకూ చెప్పించారు. ఎందుకలా అని అడిగితే ఆవిడకు తెలియదు, తెలియకపోవడం ఆవిడకు చిన్నతనమూ కాదు. కారే కుళాయిని చూసి చూసి విసుగెత్తి, ఒకరోజు నేనే ప్లంబర్ని తీసుకెళ్లాను. "ఈ అమ్మాయికి ఇంకా ఆ వాక్యం సరిగ్గా రాలేదు, వచ్చేవారం రా" అని ఆయన్ని గుమ్మంలోంచే పంపేశారు.

ముప్ఫై వాక్యాలు అయ్యాక ఇంకో నియమం. ఆ రోజు నేను కళ్లారా చూసిందే చెప్పాలి. విన్నది చెప్పకూడదు. బందులు నడుస్తున్న కాలం, చెప్పడానికి కొదవేముంది?

"ఆంటీ, గేటు కాడ టియర్ గ్యాస్ కొట్టిండ్రు."

"చూశావా, విన్నావా?"

"అందరూ అంటుండ్రు."

"అందరి సంగతి నాకెందుకు? నీ కళ్ల సంగతి చెప్పు."

కళ్లు మండుతున్నాయని స్వీడిష్‌లో చెప్పాను. బస్సు రాలేదు, నడిచి వచ్చాను, కొట్టు మూసి ఉంది అని చెప్పాను. ఒకరోజు గుమ్మంలోకి అడుగు పెడుతూనే చెప్పులు విసిరేసి, "ఇదాగ్ కొమ్మెర్ బుస్సెన్ ఇంతె" అన్నాను. ఈరోజు రాదు బస్సు. అన్నాక గాని చూసుకోలేదు, క్రియ రెండో స్థానంలో తనంతట తాను కూర్చుంది. నా పుస్తకం పదకొండు పేజీల్లో ఇంగ్లీషు వాళ్లను బతిమాలి ఒప్పించిన నియమం అది. మనం విసుగొచ్చినప్పుడు "ఇయ్యాల రాదు బస్సు!" అంటామే, స్వీడన్ వాళ్లు మామూలుగానే అలా మాట్లాడతారు. ఈ గొప్ప సంగతి కనిపెట్టి చెబితే మార్తమ్మ గారు ఉల్లిపాయలు తరుగుతూ, "తలుపు వెయ్యి, దోమలొస్తున్నాయ్" అన్నారు.

పరీక్షకు వారం ముందు, అడిక్‌మెట్ గదిలో నాతో ఉండే అమ్మాయికి క్యాంపస్‌లో లాఠీదెబ్బ తగిలి తల పగిలింది. నా చున్నీతోనే కట్టు కట్టి ఆస్పత్రిలో దింపి, అక్కడి నుంచి తిన్నగా తార్నాకకు వచ్చాను. ఆవిడ విన్నారు. నీళ్లిచ్చారు. అక్కడితో ఆగితే బాగుండేది.

"ఎందుకొచ్చిన గొడవలే ఇవి? పిల్లల చదువులు పాడు. రాష్ట్రం వస్తే నా కుళాయి కారడం మానుతుందా?"

ఎప్పుడూ ఆవిడను 'మీరు' తప్ప పిలవని నోటితో, మర్యాదకు వేరే మాట లేని ఆ భాషలో అనేశాను: "దు ఎర్ ఇంతె హేరిఫ్రోన్." నువ్వు ఇక్కడిదానివి కాదు.

ఆవిడ కూరలు తరుగుతున్న కత్తి పక్కన పెట్టారు. "ఒక్క తప్పు లేదు. ఎక్కడా ఆగలేదు కూడా," అన్నారు. తరిగిన ముక్కలు గిన్నెలో వేస్తూ మళ్లీ ఆవిడే, "ఆ దేశంలో నాకు పూర్తిగా అర్థమైన మొదటి వాక్యం ఇదేనే. నేను సాక్సు తొడుగుతుంటే ఒక ముసలాయన అన్నాడు. ఆయనకు తొంభై ఏళ్లు, పోనీలే అనుకున్నా. సరే, నియమం నియమమే. నేను ఇక్కడిదాన్ని కాకపోవడం నువ్వు చూశావా?" అన్నారు.

నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. తల పగిలిన పిల్ల బాధ నాది, దాన్ని ఆవిడ మీద విసిరిన తప్పూ నాదే. రెండూ మోసుకుంటూ ఆ వారమంతా తార్నాక వైపు వెళ్లలేదు.

పరీక్ష రోజు బంద్. నా గదిలో దెబ్బ తిన్న అమ్మాయి, ఆమెను చూడటానికి మౌలాలి నుంచి వచ్చిన బంధువులు, కాలు పెట్టే చోటు లేదు. ఫోన్ మాట్లాడటానికి నాకు తెలిసిన ఇల్లు ఒక్కటే. నడుచుకుంటూ వెళ్లి తలుపు కొట్టాను. కొట్టే ముందు కొంతసేపు నిలబడ్డాను కూడా.

"ఎన్నింటికే?"

"పదకొండుకు, ఆంటీ."

"పది నిమిషాలుంది. మొహం కడుక్కో. దెయ్యంలా ఉన్నావ్."

వీధి వైపు గదిలో కూర్చోబెట్టి, ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయారు. ఫోన్లో అదే స్వీడిష్ ఆవిడ. ఏమిటా చప్పుడు అని అడిగింది. కిటికీలోంచి చూస్తూ చెప్పాను. ఊరేగింపు వెళ్తోంది. చాలామంది ఉన్నారు. ఒకామె బిడ్డను భుజాన ఎత్తుకుంది. వాళ్లు తమ రాష్ట్రం అడుగుతున్నారు, నేనూ అడుగుతున్నాను. పట్టిక ఒక్కసారీ గుర్తు రాలేదు. మీరున్నది మీ ఇల్లేనా అని అడిగింది. కాదు, మార్తమ్మ గారిది అన్నాను. తర్వాత వంటింటికి వినబడేలా గొంతు పెంచి, "హూన్ బూర్ హేర్," అన్నాను. ఆవిడ ఇక్కడ ఉంటుంది.

ఫోన్ పెట్టేసి వంటింట్లోకి పరిగెత్తాను. "విన్నరా, ఆంటీ?"

"విన్నాను. పోస్ట్‌మాన్‌కు అడ్రసు చెప్పినట్టు చెప్పావ్."

"ఆంటీ, ఆ రోజు నేను అన్న మాటకు నన్ను..."

"ఆ భాషలో అని, ఈ భాషలో చెబితే ఎట్టా?"

మూడు వారాల తర్వాత ఉద్యోగం వచ్చింది. నాన్నకు ఫోన్ చేశాక, స్వీట్లతో ఆవిడ దగ్గరికి వెళ్లాను. దారంతా స్వీడిష్‌లో క్షమాపణ కూర్చుకున్నాను. ఎక్కడ ఏది రావాలో అన్నీ సరిచూసుకుని, "ఫర్లోత్", అంటే క్షమించు, అని మొదలుపెట్టాను. రెండో మాటకే చెయ్యెత్తి ఆపారు. "బట్టీ పట్టావ్. తెలుస్తోంది. దానంతట అది వచ్చినప్పుడు చెప్పు, తొందరేముంది," అని మిఠాయి నోట్లో వేసుకున్నారు. కోపం లేదు, జాలీ లేదు. పాఠం సరిగ్గా అప్పజెప్పని పిల్లను వెనక్కి పంపినట్టు పంపారు. ఆ తర్వాత ఎన్నిసార్లు వెళ్లినా అంతే. రాష్ట్రం వచ్చిన ఏడాది కూడా అంతే. మరుసటి సంవత్సరం ఆవిడ చనిపోయారు.

ఇన్నేళ్లుగా ఆ భాష మీదే బతుకుతున్నాను. బస్సు రాలేదని, పార్సిల్ పోయిందని, కాలు నొప్పని రోజూ ఎవరెవరో ఫోన్లో చెబుతుంటే తడుముకోకుండా జవాబిస్తున్నాను. మా వాళ్లు ఎవరి గురించైనా తీర్పు చెబుతుంటే "చూశావా, విన్నావా?" అని అడిగి అందరికీ చిరాకు తెప్పిస్తున్నాను. ఆవిడకు చెప్పలేకపోయిన ఆ క్షమాపణ వాక్యాన్ని మాత్రం అప్పుడప్పుడు ఒంటరిగా పైకి అని చూస్తాను. ఒక్క తప్పు ఉండదు. కానీ మొదటి మాటకూ రెండో మాటకూ మధ్య ఇప్పటికీ ఆగుతున్నాను.