గంగమ్మ రాయిని తిట్టుకున్న ఏళ్ళు

దాచేపల్లి క్వారీల్లో పనిచేసేవాళ్ళకు ఒక నమ్మకం ఉంది. డ్రిల్లింగ్ మిషన్ ఏళ్ళ తరబడి పట్టుకుంటే రాయి అదురు ఒంట్లోకి దిగుతుందని. అక్కడ ఆ మిషన్ మీదే పనిచేసిన గోవిందయ్య కాళ్ళూ చేతులూ వాటంతటవే ఎగిరిపడటం మొదలైనప్పుడు అందరూ ఆ మాటే అన్నారు. నడక తూలితే మాత్రం తాగాడన్నారు. చుక్క ముట్టని మనిషి, చివరికి మంచంలోనే తీసుకుని తీసుకుని పోయాడు.

కొడుకు కోటేశ్వర్‌ను క్వారీ వైపు చూడనివ్వకూడదని ఆయన భార్య గంగమ్మ అప్పుడే గట్టిగా అనుకుంది. తాను ఎండలో రాళ్ళు మోసి వాడికి ఆటో కొనిపెట్టింది. వాడు బడిపిల్లల్ని తిప్పుతుంటే రాయి నోట్లోంచి బిడ్డను లాక్కొచ్చుకున్నట్టే ఉండేది ఆమెకు.

మొన్న వేసవిలో అన్నం తింటున్న కోటేశ్వర్ భుజం ఒక్కసారి ఎగిరింది. ముద్ద పక్కన పడింది. వాడు పట్టించుకోలేదు. ఆ ఎగురు గంగమ్మకు తెలుసు.

గుంటూరులో డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించింది. ఫలితం వచ్చిన రోజు ఇద్దర్నీ కూర్చోబెట్టి, జబ్బు పేరు హంటింగ్టన్ అని చెప్పింది.

“వాడు రాయి ముట్టుకోనే లేదమ్మా!” గంగమ్మ వాదనకు దిగింది.

“రాయికీ దీనికీ సంబంధం లేదు పెద్దమ్మా. వాళ్ళ నాన్న నుంచి వచ్చిన జన్యువులో లోపం.”

“అయితే అది చేతుల్లో ఉందా, తలకాయలో ఉందా?”

“ఒంట్లో ప్రతి కణంలోనూ ఉంది. కానీ మెదడు లోపల కదలికల్ని అదుపు చేసే కణాలు కొన్ని ఉంటాయి. ఈ జన్యువు చేయించే ప్రోటీను వాటినే ఎక్కువగా చంపుతుంది.”

“మరి దాని నోరు మూయించే మందు లేదా?”

“ఆ కణాల్లో దాని పని తగ్గించాలని పరిశోధనలు జరుగుతున్నాయి. ఇవాళ ఇవ్వడానికి నా దగ్గర లేదు. ఎగరడం తగ్గే మాత్రలు రాస్తాను. ఆటో మాత్రం మానెయ్యాలి.”

తిరుగు బస్సులో కోటేశ్వర్ మెల్లగా అన్నాడు. “ఎవురికీ చెప్పమాకమ్మా. చెయ్యి బానే ఉందిగా. ఈ ఏడు లాగనియ్యి.”

గంగమ్మ ఇన్నేళ్ళూ రాయిని తిట్టుకుంది. ఇప్పుడు ఎవర్ని తిట్టాలి, పోయిన మనిషినా?

తెల్లారి పక్కింటి హసీనా మనవరాలిని తీసుకొచ్చి ఆటోలో కూర్చోబెట్టింది.

“ఏందిరా కోటీ, నిన్న పత్తా లేవు? మా హఫ్సా బడి తప్పిందని పండగ చేసుకుంది. తల్లీకొడుకులు సినిమాకి పోయారా ఏంది?”

కోటేశ్వర్ నవ్వి తాళం తిప్పబోయాడు. గంగమ్మ గబగబా వచ్చి, పిల్లను రెండు చేతులతో ఎత్తి కిందికి దించింది.

“అక్కా, వీడికి వాళ్ళ నాయన జబ్బే వచ్చింది. ఇయ్యాల్టినుంచి వీడి బండి ఎక్కించమాక.”

హసీనా పిల్లను పక్కకు తీసుకుంది.

“నా నోటికాడి కూడు తీశావు గదమ్మా,” అన్నాడు కోటేశ్వర్.

“తీశాను. తిట్టుకో.”

వాడు హ్యాండిల్ వదిలి దిగి, తాళం తీసి తల్లి చేతిలో పెట్టాడు.

“మిగతా ఇళ్ళకాడ పిల్లలు ఎదురుచూస్తుంటారు. నేనే పోయి చెప్పొస్తా.”

వాడు వీధి మలుపు తిరిగేదాకా గంగమ్మ వాడి నడకనే చూస్తూ నిలబడింది.