మా బావ క్లారినెట్ పన్ను

ముందే చెప్పేస్తున్నాను, నేను కోతలు కోస్తాను. మా ఇంట్లోవాళ్లు నా మాటలో ముప్పాతిక తీసేసి, మిగిలిన పావుకి కూడా సాక్షిని అడుగుతారు. ఇందులో ఎక్కడ అనుమానం వస్తే అక్కడ తగ్గించుకుని చదువుకోండి. పన్ను మాత్రం నిజం. అది మా బావది, పైవరసలో ముందుది, ఎడమవైపుది.

బావంటే మా అక్క మొగుడు. బూర్గంపాడులో పెళ్లిళ్ల బ్యాండులో క్లారినెట్ ఊదేవాడు. అతను అప్పగింతల పాట ఎత్తుకుంటే పెళ్లికూతురి తల్లి సరే, పందిరి వేసినవాడే కాదు, ఎంగిలాకుల కోసం వచ్చిన గేదె కూడా కళ్లు తుడుచుకునేది. క్లారినెట్ కొసను పై ముందుపళ్లకు ఆనించి, కింది పెదవి మీద పెట్టుకుని ఊదాలి. బరువంతా ఆ రెండు పళ్ల మీదే. బావ బతుకూ వాటి మీదే. మా వైపు బావను ఆటపట్టించడం బావమరిది హక్కు. ఎంత అన్నా బావ నవ్వాలి, నవ్వకపోతే పరువు పోతుంది. ఆ హక్కును నాలాగా పిండుకున్నవాడు జిల్లాలో ఇంకొకడు లేడు.

ఆ పన్ను పుచ్చిపోతే కొత్తగూడెంలో ఒక పళ్ల డాక్టరు దగ్గర రూట్ కెనాల్ చేయించుకున్నాడు. ఆయన లోపలి నరం తీసి, శుభ్రం చేసి, నింపి, పైన తాత్కాలికంగా సిమెంటు పెట్టి, వారంలో వస్తే క్యాప్ వేస్తానన్నాడు. బావ వెళ్లలేదు. ఒకపక్క ముహూర్తాలు, ఇంకోపక్క క్యాప్ వేస్తే పన్ను లావెక్కి క్లారినెట్ పలుకు మారుతుందని భయం. కొన్నాళ్లకు సిమెంటు ఊడిపోయింది. అడవి ఊళ్లవాళ్లు సంతకు తెచ్చే తేనెమైనం బావ దగ్గర ఎప్పుడూ ఉండేది, క్లారినెట్ అతుకుల్లో గాలి పోకుండా రాయడానికి. అందులోంచి చిన్న ఉండ తీసి పన్ను వెనక బొక్కలో కుక్కాడు.

"గాలినే ఆపేది పురుగును ఆపదా?" అని మాతో వాదించాడు కూడా.

ఆపలేదు. ఏడాది తిరిగేసరికి ఆ పన్ను పైన చిగురు మీద పొక్కు లేచింది. ఎంత పొక్కనుకున్నారు, అశ్వారావుపేట పామాయిల్ గెల అంత. నొక్కితే చీము, నొక్కకపోతే పోటు, ఊదితే రెండూ. జూలూరుపాడు పెళ్లిలో సరిగ్గా అప్పగింతల వేళ నోట్లోకి చీము కారి పాట మధ్యలో ఆగిపోయింది. బ్యాండు మాస్టరు అందరి ముందే అందుకున్నాడు.

"ఏందయ్యా, పిల్లను సాగనంపుతున్నవా, పీనుగును సాగనంపుతున్నవా? శ్రావణం నాటికి నోరు సాఫ్ చేసుకో. లేకుంటే కీబోర్డు ఆయన తయారుగున్నడు. గాయనకు పళ్లతోని పనిలేదు, వేళ్లుంటే సాలు."

ఇంటికొస్తే మా అక్క ఇంకో రెండు వడ్డించింది. "నోట్లె క్లారినెట్ సూసే గదా మావోళ్లు పిల్లనిచ్చిండ్రు. గిప్పుడు గదీ పాయె. ఇగ గంజి తాగుకుంట కూసో."

మర్నాడు కొత్తగూడెం డాక్టరు దగ్గరికి తోడుగా నేను బయల్దేరాను. బస్సులో బావ వాచిన మూతికి రుమాలు అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

"మా బావకొక టికెట్, ఆయన మూతికొక టికెట్ ఇయ్యన్నా," అన్నాను కండక్టరుతో.

బస్సంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు. నవ్వి, రుమాలు ఇంకాస్త అదుముకున్నాడు.

డాక్టరు ఎక్స్‌రే తీసి లైటుకు ఎత్తి చూపించాడు. పంటివేరు కొసన నల్లటి మచ్చ. అక్కడ ఎముక కరిగిపోయిందట. మైనం సంగతి విన్నాక ఆయన దారులు చెప్పాడు. మళ్లీ పన్ను తెరిచి, పాతదంతా తోడేసి, మందు పెట్టి, కొత్తగా నింపడం ఒకటి. నాలుగైదు సార్లు రావాలి, మానేదాకా ఊదకూడదు. దానికీ లొంగకపోతే ఖమ్మం వెళ్లి, చిగురు కోయించి, వేరు కొస కత్తిరించి మూయించుకోవాలి. ఇవేవీ వద్దనుకుంటే పీకెయ్యడం. ఊరికే వదిలేస్తే మాత్రం ఆ మచ్చ పెరుగుతూ పోతుంది.

"పీకి కట్టుడుపన్ను పెడితే ఊదొచ్చునా సార్?" బావ అడిగాడు.

"తినొచ్చు, నవ్వొచ్చు. ఊదడానికి నేను గ్యారంటీ ఇవ్వను. తిరిగి చేస్తే పన్ను నిలబడే అవకాశం బాగానే ఉంది. ఈ సీజన్ పోతుంది, అంతే."

"పోతే పోనీ సార్. మాస్టర్ కాళ్లు పట్టుకుంట. ఒక్క సీజన్ తాళాలు కొడత. మళ్ల చెయ్యండి."

కుర్చీ ఎక్కాడు. మత్తుసూది పడ్డాక మనసు మారింది. నాలుగైదు సార్లు తిరగడం తనవల్ల కాదనుకున్నాడో ఏమో, "పీకేయండి సార్" అన్నాడు. ఇక ఆ పీకుడు చూడాలి. డాక్టరు గోడకు కాలు తన్నిపట్టాడు, కాంపౌండరు డాక్టరు నడుం పట్టాడు, కాంపౌండరు చొక్కా నేను పట్టాను. ముగ్గురం గుంజితే ఊడొచ్చింది. అది ఉన్నచోట కొత్తగూడెం బొగ్గుబాయి అంత గుంట.

శ్రావణంలో కట్టుడుపన్నుతో ఊదబోయాడు. మొదటి ఊదుడుకే అది జారి నాలుక మీద పడింది. మాస్టరు అక్కడికక్కడే కీబోర్డాయనను పిలిచాడు. ఆ తర్వాత అదే బ్యాండులో బావ కీబోర్డు పెట్టిన తోపుడుబండిని తోశాడు. తోస్తూ తోస్తూ అప్పగింతల పాట వచ్చినప్పుడు పెదవులు కదుపుతాడని మా అక్క చెప్పి నవ్వేది.

ఇక తగ్గింపులు. పొక్కు పామాయిల్ గెల అంత కాదు, శనగగింజంత. గేదె ఏడవలేదు. పన్ను పీకడానికి ముగ్గురం అక్కర్లేదు, డాక్టరు ఒక్కడే, ఒక్క నిమిషంలో పీకేశాడు. ఇవన్నీ ఉన్నదాన్ని పెంచినవి. లేనిది కల్పించింది ఒక్కచోటే. "పీకేయండి" అని బావ అనలేదు.

అప్పటికి అతని మూతి మొద్దుబారి ఉంది, నోటినిండా దూది. డాక్టరు మొదలుపెట్టబోతూ, "పోయినసారిలాగా మధ్యలో ఎగ్గొడితే అంతా వృథా. ఎగ్గొట్టేట్టయితే ఇప్పుడే పీకడం మేలు. ఏమంటావ్?" అని అడిగాడు. బావ ఊ ఊ అని ఏదో అన్నాడు. అర్థంకాక ఆయన నా వైపు చూశాడు.

"పీకమంటుండు సార్," అన్నాను.

కాంపౌండరు నవ్వాడు. బావ చెయ్యి పైకెత్తాడు. "భయపడకు," అని డాక్టరు ఆ చేతిని మెల్లగా కిందికి దించి పట్టకారు తీసుకున్నాడు. "నవ్వులాటకన్న సార్," అనడానికి నాకు బోలెడు టైముంది. ఆలస్యమైతే ఎక్కడానికి అయిదింటి బస్సు కూడా ఉంది. అనలేదు.