చిన్న జీతాలు ముందు

ఉదయ్ భాస్కర్ ఆ పని తెలిసే చేశాడా, లేక చేతి అలవాటు చేయించిందా? ఇన్నాళ్లయినా జవాబు దొరకలేదు. ఏళ్ల తరబడి పక్క కుర్చీలో కూర్చున్న జయంతికే తెలియనప్పుడు, ఆమె చెప్పగా విని రాసేవాళ్లకు ఏం తెలుస్తుంది?

హైదరాబాద్‌లో రాయదుర్గం దగ్గర ఒక అద్దాల మేడ. అందులో ఆరో అంతస్తులో వాళ్లు చేసేది ఇంగ్లండు కంపెనీల జీతాల లెక్కలు. బిస్కట్ల కంపెనీ, లారీల కంపెనీ, వాటి మధ్యన ఒక ఫుట్‌బాల్ క్లబ్బు. ఉత్తరాన ఎక్కడో, వాన తప్ప ఇంకేమీ పెద్దగా పండని ఎల్డర్‌బీ అనే ఊరిది. నూరేళ్లు దాటిన క్లబ్బు, పైనుంచి లెక్కిస్తే మూడో మెట్టు మీద ఆడుతుంది. ఆడుతుందనడం మర్యాద కోసం. ఎక్కువగా ఓడుతుంది.

జయంతిది వరంగల్. ఆమెకు ఆట తెలియదు, జీతాల పట్టీ తెలుసు. ఆ పట్టీ మొదటిసారి చూసినప్పుడు ఆమె కళ్లు నులుముకుంది.

“సార్, ఏదో తప్పు పడ్డట్టుంది. క్లబ్బుకు వచ్చేదానికన్న జీతాలే ఎక్కువున్నయి.”

“తప్పు కాదమ్మా, వాళ్ల పద్ధతే అంత,” అన్నాడు భాస్కర్. “పైకి ఎక్కేకొద్దీ టీవీవాళ్లు డబ్బు కుమ్మరిస్తారట. ఎక్కాలంటే మంచి ఆటగాళ్లు కావాలి. వాళ్లు రావాలంటే మన దగ్గర లేని డబ్బు ఇస్తామనాలి. పక్క క్లబ్బువాడూ అదే అనుకుంటాడు. ఇరవై నాలుగు జట్లుంటే ఎక్కేవి మూడే.”

“మరి ఎక్కకపోతే?”

“ఓనరు జేబులోంచి తీస్తాడు.”

“జేబు చిరిగితే?”

“స్టేడియాన్ని తన ఇంకో కంపెనీకే అమ్మి, మళ్లీ దానికే అద్దె కడతాడు.”

జయంతి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. “ఈ నార్సింగి ప్లాట్లమ్మేటోళ్లు కూడ గింత పని చెయ్యరు సార్. వాళ్లు అమ్మితే అమ్మినట్టే.”

ఆ ఓనరు సోఫాల వ్యాపారంలో సంపాదించాడు. మూడు నెలలకోసారి వీడియో కాల్‌లోకి వచ్చి, గోడకు తగిలించిన జెర్సీ కనిపించేట్టు కూర్చుని, మనమంతా ఒక కుటుంబం అనేవాడు. ఆ ముక్క విన్న ప్రతిసారీ ఇక్కడి మేనేజరు రవికిరణ్ ఛాతీ ఉబ్బేది. ఏసీ ఉంది కదా అని మే నెలలో కూడా ఆ క్లబ్బు ఉన్ని కండువా మెడకు చుట్టుకునే మనిషి. గెలిచిన సోమవారం “మనం గెలిచాం బ్రో” అనేవాడు. ఓడిన సోమవారం మాత్రం ఓడింది వాళ్లు.

భాస్కర్‌కు కండువా లేదు. యాభై దాటిన మనిషి. పశ్చిమ గోదావరిలో ఒక చక్కెర ఫ్యాక్టరీలో జీతాల గుమాస్తాగా సగం బతుకు గడిపాడు. ఫ్యాక్టరీ మూతపడ్డాక అమీర్‌పేటలో తన వయసులో సగం ఉన్న కుర్రాళ్ల పక్కన కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నాడు. భార్య అమ్మణ్ణి మియాపూర్ డిపో వెనక కర్రీ పాయింట్ నడుపుతుంది. ఆయన క్యారేజీ మూత తీస్తే ఆరో అంతస్తంతా గోంగూర.

ఫ్యాక్టరీ నుంచి ఆయన తెచ్చుకున్నది ఒక్క అలవాటే. అక్కడ జీతాల రోజున కిటికీ ముందు మొదటి వరస రోజుకూలీలది. తర్వాత మిషన్లవాళ్లు, అందరి వెనకా ఆఫీసర్లు. బ్యాంకు నుంచి తెచ్చిన పెట్టె మధ్యలో ఖాళీ అయితే ఆగగలిగినవాడే ఆగాలి గానీ, ఆ పూట బియ్యం కొనుక్కోవలసినవాడు కాదు. ఆ పెట్టె పోయింది, కిటికీ పోయింది, వరస మాత్రం ఆయన వేళ్లలో ఉండిపోయింది. కంప్యూటర్‌లో ఏ జీతాల ఫైలు తయారుచేసినా చిన్న మొత్తాలు పైన, పెద్దవి కింద. బ్యాంకు ఆ వరసలోనే ఒక్కొక్కటిగా పంపుతుంది. ఖాతాలో డబ్బున్నంత కాలం వరస ఏదైనా ఒకటే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. “మీ చక్కెర వరస” అని జయంతి ఎగతాళి చేసేది. ఫైలు తయారుచేసేది ఆయన, సరిచూసి బ్యాంకుకు పంపేది ఆమె.

ఒక చలికాలం, నెలాఖరు శుక్రవారం, ఎల్డర్‌బీ నుంచి మెయిల్ వచ్చింది. ఖాతాలో జీతాలకు సగం కూడా లేదు. మిగతాది ఓనరు సాయంత్రానికి వేస్తాడు. రవికిరణ్ కండువా సర్దుకుంటూ వచ్చాడు.

“సార్, ప్లేయర్స్ ఫస్ట్. మిగతా స్టాఫ్ అంతా మండే చూద్దాం. క్లియర్ కదా?”

“సరేనండి,” అన్నాడు భాస్కర్.

అక్కడి న్యాయమే అంత. క్లబ్బు దివాలా తీసినా, దాన్ని కొనుక్కునేవాడు ఆటగాళ్ల బాకీ, తోటి క్లబ్బుల బాకీ పూర్తిగా తీర్చాలి. లేకపోతే లీగులో ఆడనివ్వరు. భోజనాలు పెట్టినవాడికీ బట్టలు ఉతికినవాళ్లకూ మిగిలిన చిల్లర. ఈత వచ్చినవాళ్లను ముందు పడవెక్కించి, రానివాళ్లకు గడ్డిపోచ అందించడాన్ని ఆ దేశంలో క్రీడాస్ఫూర్తి అంటారు కాబోలు.

భాస్కర్ ఫైలు తయారుచేశాడు. జయంతి ఆ వేళ ఫోన్‌లో ఉంది. కొండాపూర్ ఫ్లాటు లోనుకు మొదటి వాయిదా. భర్త ఉద్యోగం దసరాకే పోయింది. బ్యాంకువాడితో మాట్లాడుతూనే పేర్లు చూసింది, మొత్తం చూసింది, పంపేసింది.

గడ్డి కోసేవాడికి జీతం వెళ్లింది. జెర్సీలు ఉతికే ఆడవాళ్లకు, టికెట్ కిటికీలో ముసలాయనకు, టీ కౌంటర్ పిల్లలకు వెళ్లింది. అలా వెళ్తూ వెళ్తూ రెండో గోల్‌కీపర్ దగ్గర డబ్బు అయిపోయింది. పెద్ద పేర్లవాళ్లకు పైసా రాలేదు. సాయంత్రం వేస్తానన్న ఓనరు సాయంత్రం వేయలేదు, సోమవారమూ వేయలేదు. కెప్టెన్ తన కారులోనే కూర్చుని, తాను పడుతున్న కష్టాన్ని లోకానికి వీడియోలో చెప్పుకున్నాడు. కారు సీట్లు తోలువి. వారంలో క్లబ్బు దివాలా అధికారుల చేతికి వెళ్లింది, లీగువాళ్లు పన్నెండు పాయింట్లు కోశారు. సోఫాల ఆయన పత్రికలవాళ్లను పిలిచి, నూరేళ్ల క్లబ్బును హైదరాబాద్ ముంచిందన్నాడు. ఏళ్లుగా లేని డబ్బు పంచినవాడు ముంచలేదు. ఫైల్లో ఒక వరస ముంచింది.

చిన్న అద్దాల గదిలో విచారణ. అవతల రవికిరణ్, హెచ్‌ఆర్ నుంచి దివ్య. ఇవతల వీళ్లిద్దరూ. ఆఫీసు రూలు అందరికీ తెలిసిందే. పొరపాటైతే తయారుచేసినవాళ్లూ సరిచూసినవాళ్లూ ఇద్దరూ పోవాలి. కావాలని చేసిందైతే చేసినవాళ్లొక్కరే.

“సార్, మిస్టేకా, కావాలని చేశారా?” అంది దివ్య.

భాస్కర్ బల్ల మీది మంచినీళ్ల సీసా వైపు చూశాడు.

“కావాలనే చేశానండి.”

“జయంతి గారికి చెప్పారా?”

“చెప్తే ఆపేస్తుంది కదండీ. అందుకే చెప్పలేదు.”

ఆ రెండో మాట అబద్ధమని జయంతికి తెలుసు. చక్కెర వరస ఆమెకు కొత్త కాదు, ఎవరూ చెప్పక్కర్లేదు. రెండోది అబద్ధమైతే మొదటిది? ఆమె నోరు తెరిచింది.

“అమ్మా, ఆ సీసా ఇలా అందిస్తావా,” అన్నాడు భాస్కర్.

అందించింది. ఆయన తాగి మూత బిగించేసరికి రవికిరణ్ సంతకాలు చేస్తున్నాడు. ఒక తలతో సరిపోయినందుకు అతని మొహం వెలిగిపోతోంది. “బట్ వై సార్? వాట్ డిడ్ యూ గెయిన్?” అని కూడా అడిగాడు. జవాబు కోసం మాత్రం ఆగలేదు. బయటికొచ్చి కండువా విప్పి సొరుగులో కుక్కాడు. వారం తిరక్కుండా అతని మెడలో ఇంకో క్లబ్బు కండువా ఉంది. అది కూడా అప్పుల్లోనే ఉందట.

జయంతి బాత్రూంలో మొహం కడుక్కుని వచ్చేసరికి పక్క కుర్చీ ఖాళీ. క్యారేజీ లేదు. లిఫ్టు దిగి గేటు దాకా పరుగెత్తింది. సెక్యూరిటీ పోచయ్య చేతిలో భాస్కర్ ఐడీ కార్డు ఉంది.

“గిప్పుడే పోయిండు మేడం. ఏంది సార్, ఇయ్యాల జల్ది పోతున్నరు అంటే, కార్డు చేతిల పెట్టి పోయిండు. మీకు చెప్పలేదా?”

రోడ్డవతల మియాపూర్ బస్సు ఆగి ఉంది. కిటికీ పక్కన, ఒళ్లో క్యారేజీతో, ఆయన. జయంతి చెయ్యెత్తింది. పిలవబోయింది గానీ, పిలిచి ఏమడగాలో తోచలేదు. ఆయన ముందు సీటు వీపు కేసే చూస్తున్నాడు. బస్సు కదిలి కొత్తగూడ వైపు తిరిగింది.