మంగళవారం చెంపదెబ్బ

ఏ పని మొదలుపెట్టినా వెండెలిన్ ముందు రెండు అరచేతుల్లోనూ కాస్త ఉమ్ముకుని, తొడలకేసి ఒకసారి గట్టిగా రుద్దుతాడు. గడ్డి కోసేముందు అంతే. కట్టెలు కొట్టేముందు అంతే. పాలు పితికేముందు మాత్రం భార్య బుర్గల్ పోరు పడలేక ఉమ్మడం మానేశాడు, ఉత్తినే రుద్దుతాడు. పెళ్ళినాడు చర్చిలో ఉంగరం తొడిగేముందు కూడా చేతులు నోటిదాకా వెళ్ళాయి. పాదిరీగారు దగ్గారు. ఇంటికి కొత్తవాళ్ళెవరొచ్చినా బుర్గల్ ఆ సంగతి చెబుతుంది. వెండెలిన్ పక్కనే కూర్చుని, ఇంకెవరి గురించో విన్నట్టు నవ్వుతాడు.

ఈ అలవాటు స్టేజీ మీద అంటుకుంది. తోలు నిక్కరు మీద తడి చేత్తో చరిస్తే చప్పుడు లోయ అవతలికి వినిపిస్తుందని వాళ్ళ నాన్న చెప్పాడు. నిజమో కాదో వెండెలిన్ ఎన్నడూ లోయ అవతలికి వెళ్ళి వినలేదు.

వేసవి వచ్చిందంటే మంగళవారం సాయంత్రం మా ఊరి నల్ల మేక హోటల్లో హాలు నిండిపోతుంది. బస్సుల్లోంచి టూరిస్టులు దిగుతారు. ముందు అకార్డియన్. తర్వాత ఆవు గంటల పాట, కొండకేకలు, ఆడవాళ్ళు గిరగిరా తిరగడం, మగవాళ్ళు తొడలూ మడమలూ చరుచుకుంటూ ఎగరడం. వీటన్నిటి మధ్యా చెంపదెబ్బల ఆట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. పాట దరువుకి ఒకడు కొడతాడు, ఇంకొకడు తింటాడు. నిజంగా కాదు. కొట్టేవాడి చెయ్యి చెంపకి వేలెడు దూరంలో పోతుంది. తినేవాడు సరిగ్గా ఆ దరువుకే మొహం తిప్పి, నడుం దగ్గర తన చేతులు రెండూ టప్పుమనిపిస్తాడు. దెబ్బ ఒకడిది, చప్పుడు ఇంకొకడిది.

వెండెలిన్ తినేవాడు. పెళ్ళికి ముందు నుంచీ తినేవాడే. మొదట్లో బావ చేతిలో తిన్నాడు. బావకి మోకాళ్ళు అరిగాక బావ కొడుకు గీడి చేతిలో తింటున్నాడు. గీడి ఊళ్ళో ప్లంబరు, ఇప్పుడు జట్టుకి పెద్ద.

"మేనమామ చెంప వారం వారం వాయించి, పైగా చప్పట్లు కొట్టించుకునే అదృష్టం ఈ భూమ్మీద నా ఒక్కడికే ఉంది," అంటాడు గీడి.

వెండెలిన్‌కి చెప్పుకోదగ్గ గొప్పలు వేరే ఏమీ లేవు. కొన్ని ఆవులు. చలికాలం మంచుకొండ మీదికి తీగల మీద కుర్చీలు నడిచే లిఫ్టు దగ్గర, ఎక్కేవాళ్ళ నడుం కిందికి కుర్చీ తోసే ఉద్యోగం. 'తెలివిలో మా ఆవులకి సమానం, పాలివ్వడంలో వాటికన్నా వెనక' అని తన గురించి తనే చెబుతాడు. కానీ చెంపదెబ్బ తినడంలో ఈ లోయలో తనంతవాడు లేడని లోలోపల ఒక నమ్మకం. అది ఎవరికీ చెప్పలేదు. నవ్వుతారని కాదు. నవ్వకపోతే ఏం చెయ్యాలో తెలియక.

ఈ వేసవిలో ఎడమ చెవి వినిపించడం మానేసింది. బుర్గల్ ఎడమపక్క నుంచి పిలిస్తే పలికేవాడు కాదు. ఇన్నేళ్ళ కాపురంలో మొగుడు పలకకపోవడం పెద్ద విశేషమేమీ కాదు కనక గుట్టు దాగిందనుకున్నాడు. స్టేజీ మీద దాగలేదు. అకార్డియన్ వాయించేవాడు కూర్చునేది ఎడమపక్కే. వాణ్ణి కుడిపక్కకి జరగమంటే ఎందుకో చెప్పాలి.

ఒక మంగళవారం చప్పుడు దెబ్బ కన్నా ఆలస్యంగా వచ్చింది. ఇంకో మంగళవారం ముందే వచ్చింది. గీడి చెయ్యి ఇంకా నడుం దగ్గరే ఉంది, వెండెలిన్ చెంప మాత్రం తిరిగిపోయింది. ఆ తర్వాతి వారం మొహం తిప్పకుండా దెబ్బకి తిన్నగా ఎదురెళ్ళాడు. పైపులు బిగించే చెయ్యి అది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. వెండెలిన్ వంగి దండం పెట్టాడు. వంగినవాడికి పైకి లేవడం ఏ వైపుకో కాసేపు తెలియలేదు.

తెర వెనక గీడి తడిగుడ్డ తెచ్చి ఇచ్చాడు. "మామా, ఆ చెవి వినిపిస్తోందా?"

"చెవికేం, బంగారంలా ఉంది. నీ చెయ్యే దారి తప్పింది."

"నా చెయ్యి ఎప్పుడూ వెళ్ళే చోటికే వెళ్ళింది. నీ మొహమే అక్కడికొచ్చింది."

"ఎక్కడుండాలో నా మొహానికి తెలుసురా."

"ఈసారి పన్ను రాలితే అత్త నన్ను బతకనివ్వదు. వచ్చే మంగళవారం నీ బదులు మన జట్టులో వాల్టల్ చేస్తాడు. నువ్వు హాల్లో కూర్చుని చూడు. ఒక్క వారం."

ఒక్క వారం అంటే ఏమిటో వెండెలిన్‌కి తెలుసు. వాళ్ళ నాన్నతో ఆ మాట అన్నది తనే. నాన్న మళ్ళీ స్టేజీ ఎక్కలేదు.

"నేను వెళ్ళను," అన్నాడు ఇంట్లో.

"వెళ్ళకపోతే ఆ వేళకి ఇక్కడే కూర్చుని చెంప తిప్పుతూ ఉంటావు. నేను చూడలేను బాబూ. వెళ్ళు," అంది బుర్గల్.

"తోలు నిక్కరు వేసుకోనా?"

"వేసుకో. కనిపించిన ప్రతివాడూ స్టేజీ ఎందుకు ఎక్కలేదని అడుగుతాడు. కూర్చుని జవాబులు చెప్పు."

చివరికి కూతురి పెళ్ళికి కుట్టించిన ప్యాంటు వేసుకున్నాడు. పెళ్ళయినప్పటి నుంచి కూతురు సన్నబడింది, ప్యాంటు కూడా సన్నబడింది. పై బొత్తాం పెట్టుకుంటే ఊపిరి అందలేదు. వదిలేసి, పైన కోటు వేసుకున్నాడు.

ఇన్నేళ్ళలో ముందు తలుపులోంచి ఆ హాల్లోకి అడుగుపెట్టడం అదే మొదటిసారి. బల్లల దగ్గర కొత్తగా చేరిన పిల్ల ఎదురొచ్చి, "ఏ బస్సండీ?" అంది.

"నడిచొచ్చాను."

"నడిచా! ఎక్కణ్ణించి?"

"ఎగువనుంచి."

ఆ పిల్ల జాలిపడి, స్టేజీకి దగ్గర్లోనే ఒక డచ్చి జంట పక్కన కూర్చోబెట్టింది. మొగుడు మాట్లాడడు, ఫోన్లో వీడియో తీస్తాడు. పెళ్ళాం పేరు ఫ్రౌకె. ఆవిడ ఆ కొరత కూడా తీరుస్తుంది.

"మొదటిసారా?" అంది ఫ్రౌకె.

కుర్చీలోంచి చూస్తే స్టేజీ ఇంత ఎత్తుగా ఉంటుందని అతనికి తెలీదు. "మొదటిసారే," అన్నాడు. అబద్ధమని అనిపించలేదు.

"మేం ఏటా వస్తాం. అర్థం కాకపోతే నన్నడగండి."

అడక్కుండానే అన్నీ చెప్పింది. ఆవు గంటల పాట మొదలవగానే మోచేత్తో పొడిచింది. "అవి నిజంగా ఆవుల మెడలో కట్టే గంటలే, తెలుసా?"

"అలాగా!" అన్నాడు వెండెలిన్. వాటిలో అన్నిటికన్నా పెద్దది అతని ఆవుదే.

దీపాలు కాస్త తగ్గాయి. గీడీ, వాల్టలూ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డారు. వెండెలిన్ చేతులు వాటంతటవే నడుం దగ్గరికి చేరాయి. వాటిని బీరు గ్లాసుకి చుట్టి ఉంచాడు.

"ఇప్పుడు చెంపదెబ్బలు," అంది ఫ్రౌకె గొంతు తగ్గించి. "దీనికి ఒక ముసలాయన ఉండేవాడు. ఇవాళ లేడు. పోయాడేమో పాపం."

వెండెలిన్ బీరు మింగాడు. "బాగా చేసేవాడా?"

"బాగానా! చప్పుడొక చోట, మొహమొక చోట. దెబ్బ పడ్డాక గుర్తొచ్చి తిప్పేవాడు. మా ఆయనకి ప్రాణం ఆయనంటే. శీతాకాలమంతా ఆ వీడియోలు పెట్టుకుని నవ్వుకుంటాం."

"ఈ ఏడాదేనా, అలా?"

"ఎప్పుడూ అంతే. మేం రావడం మొదలుపెట్టినప్పటి నుంచీ."

చెవి పోయింది ఈ వేసవిలోనని వెండెలిన్ లెక్క. చెవి లెక్క వేరేలా ఉంది. తన గొప్ప అనుకున్నది ఒక్కటే ఒక్కటి, అదీ ఎవరి ఇంట్లోనో శీతాకాలపు కాలక్షేపం. నవ్వాలో ఏడవాలో తేల్చుకునేలోగా స్టేజీ మీద మొదటి దెబ్బ పడింది.

వాల్టల్ తప్పు చెయ్యలేదు. దరువుకి చెయ్యి, చేతికి మొహం, మొహానికి చప్పుడు. గోడ గడియారంలా ఉంది. వెండెలిన్ తప్పు కోసం వెతికాడు. రెండో దెబ్బకి వెతకడం మర్చిపోయాడు. మూడో దెబ్బకి పకాలున నవ్వాడు. తర్వాత ఆగలేదు. కళ్ళ వెంట నీళ్ళు కారాయి, బొత్తాం లేని ప్యాంటు ఇంకాస్త జారింది. ఇది ఇంత నవ్వొచ్చే ఆట అని అతనికి ఎవరూ చెప్పలేదు. అతనికి ఇన్నాళ్ళూ కనిపించింది గీడి అరచెయ్యి ఒక్కటే.

"శుభ్రంగా చేశాడు," అంది ఫ్రౌకె, కాస్త చప్పగా. "కానీ ముసలాయనలా లేదు."

ఆట అయ్యాక చూసేవాళ్ళలోంచి ఒకణ్ణి పైకి పిలిచి, గీడిని కొట్టమనడం ఆనవాయితీ. చప్పుడు గీడి చూసుకుంటాడు. వెనక బల్లలవాళ్ళకి కూడా కనబడతాడని బట్టతలవాణ్ణే పిలుస్తారు. ఆ ఏర్పాటు చేసింది వెండెలినే, తనకి జుట్టున్న రోజుల్లో. ఫ్రౌకె అతని చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

"ఇదిగో! ఈయన మొదటిసారి వచ్చారు!"

హాలంతా తిరిగి చూసింది. గీడి మామని చూసి, మైకు నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. తర్వాత పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ లేని మర్యాదతో, "రండి, రండి. ఎక్కణ్ణించి వచ్చారండీ?" అన్నాడు.

"ఎగువనుంచి."

"అబ్బో, చాలా దూరం. ఎప్పుడైనా ఎవర్నైనా చెంపమీద కొట్టారా?"

"లేదు. తినడమే."

"పెళ్ళయిందా?"

"తినడమే అన్నాగా."

హాలు నవ్వింది. గీడి మైకు కిందపెట్టి, కుడి చెవి దగ్గరికి వంగాడు. "కొట్టు మామా. నువ్వెప్పుడు కొట్టినా చప్పుడు నాది."

వెండెలిన్ అరచేతుల్లో ఉమ్ముకున్నాడు. పెళ్ళి ప్యాంటుకేసి రుద్దాడు. చెయ్యి ఎత్తాడు.

ఒంటికి తెలిసింది ఒక్కటే పని. చెయ్యి పైకి లేవగానే తన చెంపే పక్కకి తిరిగింది. చేతులు కిందికొచ్చి నడుం దగ్గర టప్పుమన్నాయి. ఎదురుగా గీడి కూడా మొహం తిప్పి టప్పుమనిపించాడు. చప్పుళ్ళు రెండు, కొట్టినవాడు లేడు. ఒక్క క్షణం ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత హాలు నవ్వులతో పగిలిపోయింది.

మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ అంతే. ఈసారి వాల్టల్ పగలబడి నవ్వుతూ అకార్డియన్ వాడి భుజమ్మీద వాలాడు.

మూడోసారి వెండెలిన్ ఎడమచేత్తో తన గడ్డం తనే గట్టిగా పట్టుకున్నాడు, మొండి దూడ మూతి పట్టుకున్నట్టు. గడ్డం గింజుకుంది. వదల్లేదు. కుడిచెయ్యి విసిరాడు. గీడి మొహం తిరిగింది. చప్పుడు చెవిటివాడికి కూడా వినిపించింది.

"ఆయనే!" అని ఫ్రౌకె కుర్చీలోంచి లేచి అరిచింది. "బతికే ఉన్నాడు!"

తెర వెనక గీడి చొక్కాతో చెమట తుడుచుకున్నాడు. "చూశావా మామా? కొట్టేవాడికి అకార్డియన్ కుడిపక్కన ఉంటుంది. ఎడమ చెవి తినేవాడికే కావాలి. వచ్చే మంగళవారం నుంచి నువ్వు కొట్టు, నేను తింటా."

"నాకు ఎడమ చెవి వినబడదురా," అన్నాడు వెండెలిన్. ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదు ఆ మాట.

"అది ఊరందరికీ తెలుసులే. గడ్డం సంగతి చూడు. ఇవాళ పట్టుకుంటే నవ్వారు. వారం వారం పట్టుకుంటే డాక్టర్ని పిలుస్తారు. పట్టుకోకుండా కొట్టాలి."

"పుట్టినప్పటి నుంచీ తిన్నవాణ్ణి. ఒక్క వారంలో దెబ్బ పెట్టడం ఎలా వస్తుందిరా?"

"రాకపోతే, ఆ డచ్చావిడ పక్కన నీ కుర్చీ ఎక్కడికీ పోదు."

మర్నాడు పొద్దున పాలు పితకడం అయ్యాక వెండెలిన్ కొట్టంలోంచి బయటికి రాలేదు. మధ్య స్తంభం ఎదురుగా నిలబడి, దాన్ని కొట్టాడు. తన చెంపే తిరిగింది. గడ్డాన్ని చొక్కా కాలర్లోకి దోపుకుని మళ్ళీ కొట్టాడు. గడ్డం బయటికి దూకింది. ఇంకోసారి. ఈసారి గడ్డం వణికింది కానీ కదల్లేదు. చెయ్యి స్తంభం పక్కనుంచి పోయింది. చప్పుడు లేదు. స్తంభం చప్పుడు చెయ్యదు కదా.

తలుపు ఎడమపక్కనుంది. బుర్గల్ వచ్చి ఎంతసేపయిందో అతనికి తెలీదు. ఆమె పిలవలేదు. పాల క్యాను కింద పెట్టి, ఆవుల వెనకనుంచి చుట్టూ తిరిగి, కుడిపక్కకి వచ్చింది. వచ్చి స్తంభానికీ అతనికీ మధ్య నిలబడి, రెండు చేతులూ నడుం దగ్గర పెట్టుకుంది.

"ఊఁ, కానీ," అంది.

వెండెలిన్ అరచేతుల్లో ఉమ్ముకున్నాడు. కొట్టంలో ఉమ్మొద్దని ఆమె అనలేదు. తొడలకేసి రుద్దుకుని, చెయ్యి ఎత్తాడు.