జైసల్మేర్‌లో ఒంటె ఎక్కేముందు

గల్ఫ్‌లో అబ్బాసియా వెళ్లే బస్సులో పక్క సీటు జగిత్యాల మనిషి పేరైనా నేనడగలేదు. ఆయనే ఓ సాయం అడిగాడు.

"సార్, నా బిడ్డ రేపు కాలేజీ టూర్ల జైసల్మేర్ కోట చూసి, ఇసుకల ఒంటెక్కుతదట. ఒంటె ముందుగాల ఎనక కాళ్ల మీద లేస్తది, మనిషి బోర్ల పడతడు. ఎనక్కి వాలి గట్టిగ పట్టుకోమని జర చెప్పుండ్రి."

"మీరే చెప్పొచ్చుగా?"

"ఈడ సల్వా దిక్కు కారు డ్రైవర్నని ఇంట్ల చెప్పిన. నేను కాసేది ఒంటెల్ని."

పిల్లి ఎదురొస్తేనే పక్కకు తప్పుకునే నేను, ఆయన కలిపిచ్చిన ఫోన్లో ఆ పిల్లకు, వాళ్ల నాన్న స్నేహితుణ్ణంటూ ఒంటె శాస్త్రం అప్పజెప్పాను.

"అంకుల్, మీరు ఒంటెలు కాస్తరా?"

"అవునమ్మా."

"పాపం! ఎండల పైలం అంకుల్. మా నాయినకైతే ఏసీ కారు."

స్పీకర్లో అంతా విన్న ఆయన కిటికీ వైపు తిరిగాడు. జాగ్రత్తగా ఉండమన్న ఆ "పైలం" ఆయనది, నాది కాదు కదా, ఫోనుతో పాటు ఇచ్చేద్దామంటే ఎంతకీ చెయ్యి చాపడే!