పాయింటు తర్వాత అంకె

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. బహదూర్‌పురాలో ఎవరో ఉరేసుకున్నారని అందరూ వదిలేసిన పోర్షన్‌లోనే మేం అద్దెకు దిగాం.

పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం పైనున్న చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసులో చేరాను. వ్యాపార సంస్థలు వాడే ఆబాప్ భాషలో ఆస్పత్రులకు ప్రోగ్రాములు రాసేవాళ్లం. ఆరు నెలలు చూసి పర్మనెంట్ చేస్తామన్నారు. మా ఆయనకు పని లేని రోజులవి. ఆ ఉద్యోగమే ఆధారం.

ఒక రకం సమాచారం ఎలా ఉండాలో ఒకరు ఒకసారి నిర్వచిస్తే, మిగతావాళ్లంతా దాన్నే వాడుకోవాలి. అక్కడి పద్ధతి అది. ఆ నిర్వచనాన్నే టైప్ అంటారు. మందు మోతాదుకు టైప్ తయారుచేసింది నేను. మాత్రలే మనసులో ఉండి, పాయింటు తర్వాత అంకెలు పెట్టలేదు. తర్వాత ఎవరో దాన్నే పిల్లల వార్డు చుక్కల మందుకూ వాడారు. నేను పట్టించుకోలేదు. శనివారం ఆ వార్డులో మా ప్రోగ్రాము వాడకం మొదలుపెట్టాలి.

శుక్రవారం పాపకు జ్వరమొచ్చి సెలవు పెట్టాను. మా ఇంటి దగ్గరి ఆస్పత్రి కారిడార్‌లో నర్సు చుక్కల మందు అర మిల్లీలీటరు గీత దాకా తీసింది. నా టైప్‌లో ఆ అర ఒకటైపోతుంది. గడియారం ఒంటిగంటా నలభై చూపిస్తోంది. ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. జుమ్మా నమాజుకని ఓనరు ఒంటిగంటకు అందరినీ పంపి, షట్టర్ దించి, తాళం జేబులో వేసుకుని వెళ్తారు. మూడింటికి గానీ తెరవరు. ఆ తర్వాత పాప జ్వరం పెరిగి, మళ్లీ ఫోన్ చేయలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే పరుగెత్తాను. టైప్ అప్పటికే మారి ఉంది. పాయింటు తర్వాత రెండు అంకెలు. మార్చినవారి దగ్గర నా పేరు. సమయం, నిన్న ఒంటిగంటా నలభై. ఆఫీసు గదిలోని కంప్యూటర్ల నుంచి తప్ప ఆ మార్పు చేయడం కుదరదు.

మా లీడ్ యాదగిరన్న స్క్రీన్ నా వైపు తిప్పాడు.

“ఎవలకు చెప్పకుంట మార్చినవ్. పాస్‌వర్డ్ ఎవలకిచ్చినవమ్మా?”

“ఎవలకియ్యలేదన్నా. నేను దవాఖానల ఉన్న. చీటీ జూడు.”

“మరి దయ్యం గిట్ల ఆబాప్ నేర్సుకున్నదా ఏంది?”

అందరూ నవ్వారు.

పాస్‌వర్డ్ గురువారం సాయంత్రమే మార్చాను. మా ఆయనకు కూడా చెప్పలేదు. అయినా పనిలోంచి తీసేస్తూ, దాన్ని వేరేవాళ్లకు ఇచ్చానని రాసి సంతకం పెడితేనే అనుభవ పత్రం ఇస్తామన్నారు. పెట్టాను. టైప్ తప్పుగా చేసినందుకు నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అది సరయినందుకు ఉద్యోగం పోయింది. మారిన టైప్‌ను మాత్రం అలాగే ఉంచుకున్నారు. పిల్లల వార్డులో అదే నడిచింది.

రెండేళ్లయింది. పాస్‌వర్డ్ ఎవరికిచ్చానన్న చోట ఆ కాగితంలో ఖాళీ వదిలాను. ఇవాళ అడిగినా, అక్కడ రాయడానికి నా దగ్గర పేరు లేదు.