టేపక్క ఎర్రకుట్టు

నర్సింగ్ స్కూలు గేటుకు ఎదురుగా, మేడమెట్ల కింద ఒక గది ఉంది. దాన్ని గది అనడం కాస్త మొహమాటమే. మిషను పెట్టగా మిగిలిన చోట ఒకరు కూర్చోవచ్చు, ఇంకొకరు నిలబడవచ్చు, మూడో మనిషి వస్తే ఎవరో ఒకరు బయటికి నడవాలి. ఇరవై రెండేళ్లుగా ఆ గదిలో కూర్చుని కుట్టే మనిషిని అందరూ టేపక్క అంటారు. మెడలో కొలతల టేపు లేకుండా ఆమెను చూసినవాళ్లు లేరు.

ఆ టేపు ఎందుకు వేసుకుంటుందో మాత్రం ఎవరికీ అంతుబట్టదు. ఎందుకంటే ఆమెకు దాంతో అసలు పనే లేదు. స్కూలు తెరిచిన వారం కొత్తగా చేరిన అరవైమంది అమ్మాయిలు తెల్లగౌన్ల కోసం మెట్ల పొడవునా వరసకట్టారు. ముందున్న అమ్మాయి గడపలో కాలు పెట్టిందో లేదో, టేపక్క తలెత్తి ఒక్క చూపు చూసి, "నడుము ఇరవై ఏడు" అంది. తర్వాత టేపు చుట్టి కొలిచింది. ఇరవై ఏడే. వెనకున్న పిల్లను చూసి "ముప్పై ఒకటిన్నర" అంది. అదీ అంతే. పావు అంగుళం తేడా వస్తే ఒట్టు! ఇరవై ఏడు నడుము అమ్మాయి తన పని అయిపోయినా కదలకుండా, తలుపు పక్కన నిలబడి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది.

"చూడగానే తెలిస్తే మళ్లీ కొలవడం దేనికక్కా?" అని అడిగింది.

"కొలత నాకోసం కాదు పిల్లా, మీ నమ్మకం కోసం," అంది టేపక్క, నోట్లో గుండుసూదులు పెట్టుకునే.

ఈ అమ్మాయికి హాస్టల్లో టైంటేబుల్ అని పేరు పెట్టారు. ఊరికే పెట్టలేదు. మంచం పక్క గోడకు ఆమె అతికించిన చార్టును చూడటానికి పై అంతస్తు సీనియర్లు కూడా దిగివచ్చారు. నాలుగు రంగుల సిరా, ఐదు గంటలకు శరీరనిర్మాణం, ఆరింటికి మందుల మోతాదులు, ఏడింటికి వార్డు, పన్నెండున్నరకు లైబ్రరీ, అలా నిద్రపోయేలోగా పద్దెనిమిది గళ్లు. స్నానానికి ఏడు నిమిషాలు ఉన్నాయి, జడకు మూడు. తిండికి మాత్రం గడి లేదు. మరిచిపోయి కాదు, చోటు సరిపోక. పొద్దున వార్డుకు పరుగెత్తుతూ రెండు బిస్కెట్లు, మధ్యాహ్నం ఎవరైనా ఇస్తే టీ. వార్డులో మాత్రం రోగుల మంచాల మధ్య నిలబడి, "వేళకు తినాలి, వేళకు పడుకోవాలి" అని గంటసేపు బోధించేది. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టు!

ఎవరూ చెప్పలేదా అంటే, చెప్పారు. పక్కమంచం అమ్మాయి నెత్తీ నోరూ కొట్టుకుంది. కానీ మొదటి పరీక్షలో టైంటేబుల్‌కు క్లాసులో మొదటి స్థానం వచ్చింది. మార్కులు రావడం మొదలయ్యాక మనిషికి ఎవరి మాటా చెవికెక్కదు.

మూడో నెలలో గౌను వదులైంది. టేపక్క అంగుళం లోపలికి పట్టి ఇచ్చింది. ఆరో నెలలో ఇంకో అంగుళమున్నర పట్టాల్సి వచ్చింది. ఈసారి టేపక్క గౌనును కాకుండా మనిషిని చూసింది.

"తింటున్నావా?"

"తింటున్నానక్కా."

ఊఁ అంది, పట్టి ఇచ్చింది. హాస్టలుకు వెళ్లి చూసుకుంటే నడుముపట్టీ లోపల బియ్యపుగింజంత ఎర్రకుట్టు కనిపించింది. అంత పనిమంతురాలికి తెల్లదారం అయిపోయిందేమో పాపం అనుకుని టైంటేబుల్ నవ్వుకుంది.

తొమ్మిదో నెలకు నవ్వులాట పోయింది. ఏడాది పరీక్ష మూడు వారాల్లోకి వచ్చింది. దానికి ముందు, వచ్చే సోమవారం ఉదయం మేట్రన్ తనిఖీ. గోళ్లు, జుట్టు, బూట్లు, గౌను అన్నీ చూస్తారు. గౌను ఒంటిమీద వేలాడితే ఆరోగ్యగదికి పంపి బరువు తూస్తారు. నలభై కిలోలు లేకపోతే వార్డు డ్యూటీ ఆపేస్తారు. డ్యూటీ గంటలు తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు, ఆరు నెలలు ఆగి తప్పినవాళ్లతో కలిసి రాసుకోవాలి. క్లాసులో మొదట నిలిచినదానికి అంతకన్నా తలవంపు ఇంకేముంటుంది?

ఇంకో సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. వారం కిందట వార్డులో ఒక ముసలమ్మను చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే కళ్లు బైర్లు కమ్మాయి. గోడ అందుకుంది గానీ నిలదొక్కుకోలేకపోయింది. "నువ్వు నన్ను పట్టుకున్నావా, నేను నిన్ను పట్టుకున్నానా అమ్మాయ్?" అని ముసలమ్మ బోసినోటితో నవ్వింది. ఆ మాట టైంటేబుల్‌కు పుస్తకం తెరిచినప్పుడల్లా వినిపించేది.

ఆదివారం ఒంటిగంటకు గౌను చంకన పెట్టుకుని మెట్ల కిందికి వెళ్లింది. టేపక్క భోజనం చేస్తోంది. ఒంటిగంట కొట్టగానే మిషను మీద గుడ్డ కప్పి క్యారియర్ విప్పుతుంది. ప్రిన్సిపాలే వచ్చి నిలబడినా అంతే, నిలబడాల్సిందే. నెమ్మదిగా నమిలి, గిన్నె తుడుచుకుని, చేతులు కడుక్కుని వచ్చేదాకా టైంటేబుల్ గోడకు ఆనుకుని నిలబడింది. ఆమె కడుపు గుర్రుమంది. ఆ చోటులో అది వినపడకపోవడానికి వీల్లేదు.

"నడుము దగ్గర ఒకటిన్నర లోపలికి పట్టాలక్కా. రేపే తనిఖీ."

టేపక్క గౌను తిరగేసింది. బొటనవేలు పట్టీ మీద పాకుతూ వెళ్లి ఒకచోట ఆగింది.

"పట్టను."

"అదేంటక్కా, గుడ్డ లేదా?"

"గుడ్డకేం, బోలెడుంది. నీలోనే ఏం మిగల్లేదు."

టైంటేబుల్ బతిమాలింది. పరీక్ష సంగతి చెప్పింది, చార్టు సంగతి చెప్పింది, నిమిషం కూడా వృథా పోదని గొప్పగా కూడా చెప్పింది. టేపక్క అంతా విని, "మేం గుడ్డ కత్తిరించేటప్పుడు కుట్టుకు ఇంత వదిలి కత్తిరిస్తాం. అంచుదాకా వాడేసుకుంటే వంగినప్పుడు పిగిలిపోద్ది. నీ చార్టు అలా ఉంది," అంది.

టైంటేబుల్‌కు ఒళ్లు మండింది. "నా ఒళ్లు, నా చదువు. కందకు లేని దురద కత్తిపీటకెందుకక్కా?"

"కత్తిపీటను కాబట్టే చెప్తున్నా. కోసేది నేనే కదా," అని టేపక్క గౌను మడిచి చేతిలో పెట్టింది.

ఊళ్లో కుట్టేది ఈమె ఒక్కతేనా! టైంటేబుల్ విసవిసా వెనకవీధికి నడిచింది. అక్కడ వరసగా కుట్టుషాపులున్నాయి, అన్నీ కరెంటు మిషన్లే. మొదటి షాపాయన గౌను తిరగేసి చూసి, "మిషను చెడిపోయిందమ్మా" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన మిషను టకటకలాడుతూనే ఉంది. పిల్లల బట్టలు కుట్టే ఆవిడ పట్టీ లోపలికి చూసి, గౌను మడిచి తిరిగి ఇచ్చేసింది. మూడో షాపులో కళ్లద్దాల మాస్టరు ప్యాంట్లు కుడుతున్నాడు. ఆయన అద్దాలు నుదుటి మీదికి తోసి, వేలితో ఆ ఎర్రకుట్టు చూపించాడు.

"దారం అయిపోయి వేసిందనుకున్నావా తల్లీ? తెల్లగౌనుకు ఎర్రదారం వేసే మనిషా ఆవిడ? ఇది దాటి లోపలికి పట్టొద్దని గుర్తు. ఈ వీధిలో ఎవరం పట్టం."

"ఆవిడ చెబితే మీరంతా వింటారా?"

"పదకొండేళ్ల కిందట షాపుషాపుకీ నడిచొచ్చి చెప్పింది. వచ్చే బేరం పోగొట్టుకోమంటావా అని మొదట నవ్వాం. ఎందుకో అడిగాక మళ్లీ నవ్వలేదు. నువ్వూ వెళ్లి అడుగు."

టైంటేబుల్ వీధిమధ్యలో నిలబడిపోయింది. బోర్డు కూడా లేని ఆ మెట్లకింద మనిషి, బియ్యపుగింజంత దారంతో ఒక వీధి వీధినంతా ఆపేసింది! కోపం ఇంకా తగ్గలేదు గానీ, దాన్ని దాటి ఏదో పెద్దది చూసినట్టు ఆ అమ్మాయికి ఒళ్లు జలదరించింది. వెనక్కి నడిచింది.

"ఆ ఎర్రదారం ఎందుకక్కా?" అని గడపలోంచే అడిగింది.

టేపక్క చక్రం మీద చెయ్యి వేసి మిషను ఆపింది.

"పదకొండేళ్ల కిందట ఒక పిల్ల ఉండేది, నీకంటే పొడుగు. నీలాగే బాగా చదివేది. నాలుగుసార్లు తెచ్చింది గౌను, నాలుగుసార్లూ పట్టాను. ఎలా పట్టాననుకున్నావ్? కుట్టు ఎక్కడుందో నాకే వెతుక్కోవాలి, అంత బాగా. తనిఖీలో ఆ పిల్ల గౌనే చక్కగా ఉందని మెచ్చుకునేవారంట. వచ్చి నాతో చెప్పేది, నేను మురిసిపోయేదాన్ని. ఓ రోజు వార్డు మెట్ల మీద పడిపోయింది. వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లాడు. ఒక గౌను నా దగ్గరుండిపోతే ఆయనే తీసుకోడానికొచ్చాడు. అటూ ఇటూ తిప్పి చూసి, 'ఎంత బాగా కుట్టారమ్మా' అన్నాడు."

టేపక్క సూదిలోని దారం తెంపేసింది.

"గౌను వేలాడుతుంటే ఎవరో ఒకరు చూసేవాళ్లు కదే! మేట్రన్ చూసేది, సెలవుకెళ్తే తల్లి చూసేది. ఎవరికీ కనపడకుండా దాన్ని నేనే కుట్టేశాను. నా పనితనమే దాచేసింది."

"తర్వాత ఆవిడకేమైందక్కా?"

"తెలీదు. నాకెవరు చెప్తారు?"

టైంటేబుల్ చేతిలోని గౌను పట్టీ మీద ఎర్రకుట్టును తడిమింది. "రేపు నన్ను పట్టుకుంటారక్కా. పరీక్ష పోతుంది," అంది నెమ్మదిగా.

"పోవచ్చు. పోదని నేను చెప్పను."

సోమవారం ఉదయం పక్కమంచం అమ్మాయి జాలిపడి ఆరు పిన్నులు ఇచ్చింది. టైంటేబుల్ అద్దం ముందు నిలబడి వెనకవైపు మడతపెట్టి ఆరూ గుచ్చుకుంది. ముందునుంచి చూస్తే గౌను అచ్చు కొత్తదానిలా కుదిరింది. ఎవరూ కనిపెట్టలేరు. ఆ సంగతి తెలిశాకే ఆ అమ్మాయికి భయం వేసింది. ఇలాగే వెళితే ఎవరికీ తెలియదు, ఇంకో నెల తెలియదు, మెట్ల మీద పడేదాకా తెలియదు. ఒక్కొక్క పిన్నూ తీసి పక్కమంచం అమ్మాయి చేతిలో పెట్టింది. చివరిది తీసేటప్పుడు వేలికి గుచ్చుకుంది.

వరసలో మేట్రన్ ఆమె ముందు ఆగింది.

"ఈ గౌను ఎవరిది?"

సీనియర్ దగ్గర అడిగి తెచ్చుకున్నానంటే సరిపోయేది. అలా చెప్పి తప్పించుకున్నవాళ్లు ఉన్నారు కూడా.

"నాదే మేడం. నాకే వదులైంది. నేను తినడం లేదు మేడం, సరిగా నిద్రపోవడం లేదు. పోయినవారం వార్డులో కళ్లు తిరిగాయి, పేషెంటు నన్ను పట్టుకుంది." అంతా ఒక్క ఊపిరిలో అనేసింది.

వరస వరసంతా బిగుసుకుపోయింది. మేట్రన్ తిట్టలేదు. తనిఖీ మధ్యలో ఆపి, తనే చెయ్యి పట్టుకుని ఆరోగ్యగదికి నడిపించింది. ముప్పై ఎనిమిది కిలోలు. ఒంట్లో రక్తం కూడా తక్కువే. ఇంకో పది రోజులు ఇలాగే తిరిగి ఉంటే రోగిని పట్టుకునే పడేదానివని డాక్టరమ్మ చెప్పింది. డ్యూటీ ఆగింది. పరీక్ష పోయింది. ఉన్నది దాచడం ఎందుకు, ఆ అమ్మాయి మూడు రోజులు దిండులో మొహం దాచుకుని ఏడ్చింది, టేపక్కను కూడా తిట్టుకుంది. నాలుగోరోజు లేచి చార్టు చింపింది. కొత్తదాంట్లో ముందు మూడు పూటల తిండి గీసింది, తర్వాత నిద్ర గీసింది, మిగిలిన చోట చదువు సర్దింది. అన్నీ పట్టలేదు. పట్టినంతే చదివింది.

ఏడు వారాలకు నలభై రెండు కిలోలు తూగింది. ఆ కాగితం పట్టుకుని మెట్ల కిందికి వెళ్లింది. కుట్లు విప్పించుకోవడానికి కాదు, ఊరికే చెప్పడానికి. చెప్పకుండా ఉండలేకపోయింది.

టేపక్క కాగితం తీసుకుంది. చదవడం వచ్చినా, "ఎంతన్నారు?" అని అడిగింది. చెప్పింది. "మొదట ఎంత?" చెప్పింది. "నువ్వే చెప్పావా మేట్రన్‌తో? నీ అంతట నువ్వే?" అవునంది, ఆరు పిన్నులూ గుచ్చుకుని మళ్లీ తీసేసిన సంగతీ చెప్పింది. అంతే, ఆ పెద్ద మనిషి మిషను మీదికి వంగి వెక్కివెక్కి ఏడ్చింది. టైంటేబుల్ హడలిపోయింది.

"ఏమైందక్కా?"

"ముప్పైమందికి పైనే వేశానే ఆ ఎర్రకుట్టు, ఈ పదకొండేళ్లలో. అందరూ నన్ను తిట్టుకుంటూ వెళ్లినవాళ్లే. ఒక్కళ్లు తిరిగి రాలేదు. బాగుపడ్డారో, ఇంట్లో ఎవరికీ తెలియకుండా చేత్తోనే కుట్టుకున్నారో, నేను మేలు చేశానో కీడు చేశానో... నాకేం తెలుసు?"

"తెలియకుండానే ఇన్నేళ్లూ వేస్తూ వచ్చావా?"

"మరేం చెయ్యను? పిల్ల వచ్చి నిలబడితే కనపడుద్ది కదా."

టైంటేబుల్ ఆమె కాళ్ల దగ్గర గుడ్డపీలికల మీద కూర్చుండిపోయింది. నెలనెలా మార్కులు చూసుకుంటే గానీ తనకు తర్వాతి పేజీ తిప్పడానికి చెయ్యి వచ్చేది కాదు. ఈ మనిషికి పదకొండేళ్లుగా ఒక్క జవాబూ రాలేదు. అయినా ఒక్క పిల్లకూ వెయ్యడం మానలేదు. ఇంత పెద్దదాన్ని తాను ఏ పుస్తకంలోనూ చదవలేదని ఆ అమ్మాయికి అనిపించింది.

టేపక్క ఒక పీలికతో ముక్కు తుడుచుకుంది. బయట గౌన్లు పట్టుకుని ఇద్దరు నిలబడి ఉన్నారు. వాళ్లను ఆగమని చెయ్యి ఊపింది.

"మళ్లీ చెప్పు," అంది. "అద్దం ముందు పిన్నులు తీసేశావే, అక్కణ్నుంచి చెప్పు."